ఎనిమిది అక్షరాల ఇంటిపేరు

మా ఇంటిపేరు పొడుగు. ఇంగ్లీషులో రాస్తే ఫారాల్లో ఇచ్చిన గళ్లు చాలవు. రాయ్‌పూర్‌లో పుట్టి పెరిగిన మాకు ఇది చిన్నప్పటినుంచీ ఉన్న తలనొప్పి. ఇక్కడివాళ్లు ముందు తమ పేరు రాసుకుని చివర ఇంటిపేరు తగిలిస్తారు. మనం ముందు ఇంటిపేరు రాసి ఆ తర్వాత మనిషి దగ్గరికి వస్తాం. దాంతో బడిలో హాజరు పిలిచే మాస్టారికి మా అన్నయ్యా నేనూ ఒకటే. అన్నయ్య బడి ఎగ్గొడితే నాకు చీవాట్లు పడేవి. "ఇన్ సబ్‌కా నామ్ ఏక్ హీ హై" అనేవాడాయన పక్క క్లాసు మాస్టారితో, వీళ్లందరి పేరూ ఒకటేనండీ అని. క్లాసంతా నవ్వేది, మేమూ నవ్వేవాళ్లం. ఆ మాటని నిజమని నమ్మే యంత్రం ఒకటి వస్తుందనీ, అది మా చిన్నాన్న ప్రాణం మీదికి తెస్తుందనీ అప్పుడు ఎవరం అనుకుంటాం?

మా తాత శ్రీకాకుళం వైపునుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్నకీ రైల్వేలోనే గుమస్తా ఉద్యోగం దొరికింది. చిన్నాన్నకి దొరకలేదు. భన్‌పురిలో లారీల షెడ్డులో వెల్డింగు నేర్చుకుని, అక్కడో ఏడాది ఇక్కడో ఏడాది చేసి, చివరికి ఊరి బయట ఒక ఇనుము ఫ్యాక్టరీలో ఫిట్టరుగా కుదురుకున్నాడు. బీర్‌గావ్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. నేను కంప్యూటర్ చదువు పూర్తి చేసి ఖాళీగా ఉంటే, మా అన్న కూతురు మెషీన్ల చదువు చదివింది సార్ అని అడిగి, నన్ను ఆ ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో చేర్పించింది కూడా ఆయనే. గేటు దగ్గర వాచ్‌మన్ మా ఇద్దరినీ ఇంటిపేరుతోనే పిలిచేవాడు. పెద్దాయన, చిన్నమ్మాయి, అంతే తేడా.

ఆ ఫ్యాక్టరీకి గుండెకాయ కిల్న్. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఉక్కు గొట్టం అది, లోపల మనిషి నిలబడి నడవచ్చు. ఇనుప రాయీ బొగ్గూ ఒక చివర పోస్తే, గొట్టం మెల్లగా తిరుగుతూ కాలుస్తూ రెండో చివర ఇనుము చేసి వదులుతుంది. లోపలంతా వేడికి ఓర్చే ఇటుకలు పరిచి ఉంటాయి. ఇటుకలు అరిగిపోయినప్పుడు కిల్న్ ఆపి, చల్లారాక మనుషులు లోపలికి దూరి కొత్తవి పేరుస్తారు. ఆపినంత మాత్రాన అది కదలకుండా ఉండదు. వేడిమీద ఉన్న గొట్టం ఒకే వైపు పడుకుంటే వంగిపోతుందని, ఒక చిన్న మోటారు దాన్ని ఉండి ఉండి పావు చుట్టు తిప్పి ఆపేస్తుంది. ఆ పని కంప్యూటరు తనంతట తానే చేస్తుంది, ఎవరూ మీట నొక్కక్కర్లేదు. మనుషులు లోపల ఉన్నప్పుడు దానికి తాళం వెయ్యాలి.

పాత రోజుల్లో ఆ తాళం నిజం తాళమే. లోపలికి వెళ్లేవాడు స్విచ్చు బోర్డుకి తన తాళం వేసుకుని, తాళంచెవి మొలతాడుకి కట్టుకుని దూరేవాడు. కొత్త కంప్యూటరు వచ్చాక మా మేనేజరు అదంతా తీసేయించాడు. ఆయన చెడ్డవాడు కాదు, కొత్తదంటే మోజు, అంతే. ఇప్పుడు కిల్న్ పక్కనే ఉన్న కంప్యూటర్ తెర మీద ఫిట్టరు తన పేరూ రహస్యపదమూ కొట్టి తాళం వేస్తాడు. తాళం వేసినవాడే తియ్యాలి, ఇంకెవరు ప్రయత్నించినా యంత్రం ఒప్పుకోదు. కొత్త ప్యానెల్‌కి తాళం పెట్టే కొక్కెం కూడా లేదు. చిన్నాన్న తన పాత ఇత్తడి తాళం ఇంటికి తీసుకుపోయి బియ్యం డబ్బాకి వేసుకున్నాడు. ఎలకలకి వేశావా చిన్నాన్నా అని నేను ఎగతాళి చేశాను.

ఆ ఏడు వానలు వెనకబట్టాక ఒక రోజు నేను మధ్యాహ్నం సెలవు పెట్టాను. నాకు పెళ్లి కుదిరింది. అమ్మతో కలిసి పండరీ బట్టల బజారుకి వెళ్లి నిశ్చితార్థానికి బట్టలు తీసుకున్నాను. చీరలు బేరమాడి అలిసిపోయి ఇంటికొచ్చేసరికి చిన్నాన్న మా క్వార్టర్ వరండాలో కూర్చుని ఉన్నాడు. మోచేతికి కట్టు ఉంది. ఎప్పుడూ ఇల్లు లేచిపోయేలా మాట్లాడే మనిషి ఆ రోజు అమ్మ ఇచ్చిన కాఫీ చేతిలోనే చల్లారబెట్టుకున్నాడు.

"కదిలినాదే అమ్మా," అన్నాడు నాతో. "నాను లోపల ఇటుకలు పేరుస్తండగా నా కాళ్లకింద కదిలినాది."

గొట్టం పావు చుట్టు తిరిగి ఆగిందట. ఇంకా బిగించని ఇటుకలు పైనుంచి రాలాయి. ఆయన అప్పుడే పనిముట్టు అందుకోడానికి అంచు వైపు జరిగి ఉన్నాడు కాబట్టి మోచేతితో పోయింది. తాళం వెయ్యడం మర్చిపోయావేమో అని నాన్న అడిగితే ఆయనకి కోపం వచ్చింది. వేశాడు, తెర మీద పడింది కూడా, పక్కనున్న ఇద్దరు చూశారు. కానీ యంత్రం తన లెక్కలో ఇంకో మాట రాసుకుంది. తాళం వేసినవాడే తాళం తీశాడు అని. లోపలున్న నేను బయట తాళం ఎలా తీస్తానండీ అని ఆయన అడిగితే, మేనేజరుకి యంత్రం మీదే నమ్మకం. మనిషి మర్చిపోతాడు, మెషీన్ మర్చిపోదు అన్నాడట. నిర్లక్ష్యం అని ఒక మెమో ఇచ్చారు. ఇటుకల పని సగంలో ఆగింది, కొన్ని వారాల్లో మళ్లీ కిల్న్ ఆపి మిగతాది పూర్తి చెయ్యాలి. వెళ్లనంటే ఉద్యోగం లేదు. వెళ్తే, ఎందుకు కదిలిందో తెలియని గొట్టంలోకి వెళ్లాలి.

ఆ కంప్యూటరుతో రోజంతా గడిపేది నేను. దాని పక్కన నా టిఫిన్ డబ్బా పెట్టుకునేదాన్ని. అది మా ఇంటి మనిషిని లోపల ఉండగా తిప్పిందంటే, పెంచుకున్న కుక్క కరిచినట్టు అనిపించింది.

అదృష్టమో ఏమో, అప్పటికే నాకు ఒక పని అప్పజెప్పారు. రెండువేల సంవత్సరం వస్తోంది, కంప్యూటర్లన్నీ తేదీ తెలియక పిచ్చెత్తిపోతాయని ఊళ్లో వార్త. మా కంప్యూటరు అమ్మినవాళ్లు దాని ఆపరేటింగ్ సిస్టమ్, అంటే మిగతా ప్రోగ్రాములన్నిటికీ పెద్దగా కూర్చునే ప్రోగ్రాము, దాన్ని మనుషులు రాసిన మూలం కూడా టేపు మీద ఇచ్చారు. అందులో ఎక్కడెక్కడ సంవత్సరానికి రెండంకెలే వాడారో వెతకమని నన్ను కూర్చోబెట్టారు. నడిపి చూడ్డానికి లేదు. ఉన్నది ఒకటే యంత్రం, అది కిల్న్‌ని నడుపుతోంది, దానితో ఆటలు కుదరవు. నడపకుండా, రాసినది చదివే తప్పు పట్టుకోవాలి. లక్షల వరుసలు మనిషి కళ్లతో అయ్యే పని కాదు కాబట్టి, చదవడానికే నేనొక చిన్న ప్రోగ్రాము రాసుకున్నాను. ఆ రాతలో ఏ ముక్క ఏ ముక్కని పిలుస్తుందో అది దారులుగా గీసి పెడుతుంది. తేదీల కోసం రాసిన దాన్నే తాళం వైపు తిప్పాను.

ఆలోచన కొత్తదేం కాదు, మా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. రైల్వే క్వార్టర్‌లో తలుపు చప్పుడైతే అమ్మ లోపలినుంచి "ఎవరు?" అని అడుగుతుంది. మేం "నేనే" అంటాం. ఆ గొంతు పోల్చుకున్నాకే గడియ తీస్తుంది. తాళం తీసే ముక్క దగ్గరికి వచ్చే ప్రతి దారిలోనూ ఎక్కడో ఒకచోట యంత్రం "ఎవరు?" అని అడిగి తీరాలి. ఎవరు అని అడగకుండా తాళం దాకా వచ్చే దారి ఒక్కటి ఉన్నా, మిగతా కాపలా అంతా దండగే. నా ప్రోగ్రాము చెయ్యాల్సింది తాళం దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడుస్తూ, అడగని దారుల్ని చూపించడం.

మొదట్లో అది కనిపించిన ప్రతి దారినీ చూపించి విసిగించింది. చాలావాటిలో ప్రశ్న ఉంది, కాస్త ముందెక్కడో ఉంది, అంతే. వాటిని ఒక్కొక్కటే చూసి పక్కన పెడుతూ పోయాను. ఫిట్టరు తాళం తీసే దారిలో ప్రశ్న ఉంది, పేరంతా పూర్తిగా పోల్చి చూస్తోంది. కంప్యూటరు గదినుంచి వెళ్లే దారిలోనూ ఉంది. పట్టుకోవాల్సింది ఏదీ లేదేమో, మేనేజరు అన్నదే నిజమేమో, చిన్నాన్నకి వయసు మీద పడిందేమో అని మెల్లగా నాకే అనుమానం మొదలైంది. ఆ అనుమానం వచ్చిన రోజుల్లో ఆయన మొహం చూడలేకపోయేదాన్ని.

ఈలోగా కిల్న్ మళ్లీ ఆపారు. కాస్త ఆగు చిన్నాన్నా, నేనింకా చూస్తున్నాను అని ఫోన్ చేశాను. నువ్వు చూస్తూ ఉండు, నేను వెళ్తూ ఉంటాను, ఇద్దరికీ జీతం ఇస్తున్నారు కదా అన్నాడు. నవ్వించాలని అన్నాడు గానీ గొంతులో నవ్వు లేదు.

ఆయన లోపలికి వెళ్లిన పూటే నాకు ఆ దారి దొరికింది.

అది తాళాలకి సంబంధించిన చోట లేదు, అందుకే అన్నాళ్లు తప్పించుకుంది. ఒక మనిషి తన పని అయిందని తెర మీద కొట్టి, కంప్యూటరు దగ్గర సెలవు తీసుకుని లేచిపోయినప్పుడు, అతను వదిలేసినవన్నీ ఊడ్చి శుభ్రం చేసే ముక్క ఒకటుంటుంది. తెరిచి వదిలేసిన ఫైళ్లు మూస్తుంది, ఆపని పనులు ఆపుతుంది, మనిషి వెళ్లిపోయాక అతని తాళం వేలాడుతూ ఉండకూడదని అతని తాళాలు కూడా తీసేస్తుంది. ఊడ్చేది సాక్షాత్తూ ఆపరేటింగ్ సిస్టమే కాబట్టి దాన్ని ఎవరూ "ఎవరు?" అని అడగరు. ఇంటి యజమానిని గుమ్మంలో ఆపరు కదా. సరే, అది ఎవరి తాళాలు తీస్తుంది? లేచిపోయిన మనిషి పేరున్న తాళాలు. ఆ పేరు దానికి ఎక్కడినుంచి వస్తుంది? ఎవరెవరు కూర్చుని ఉన్నారో రాసుకునే జాబితానుంచి. ఆ జాబితాలో పేరుకి ఇచ్చిన చోటు ఎనిమిది అక్షరాలే. మిగతాది కత్తిరించేస్తుంది. కాబట్టి ఊడ్చేది కూడా మొదటి ఎనిమిది అక్షరాలు కలిస్తే చాలనుకుంటుంది.

ఇది రాసినవాడు ఏ ఊరివాడో గానీ మన ఊరివాడు కాదు. అతనికి తెలిసిన మనుషులందరి పేర్లూ వాళ్ల సొంత పేరుతోనే మొదలవుతాయి. ఫ్యాక్టరీలో అందరివీ అంతే, మొదటి ఎనిమిది అక్షరాల్లో మనిషి బయటపడతాడు. ఇంటిపేరుతో మొదలయ్యే పేర్లు రెండే ఉన్నాయి. మా ఇంటిపేరు ఎనిమిది అక్షరాలూ మింగేసి ఇంకా మిగులుతుంది. ఆ జాబితాలో చిన్నాన్నా నేనూ ఒకటే మనిషి.

పండరీ వెళ్లిన రోజు మధ్యాహ్నం నేను పద్ధతిగా యంత్రం దగ్గర సెలవు తీసుకుని కుర్చీలోంచి లేచాను. ఊడ్చే ముక్క వచ్చి, నా పేరు మీద ఉన్న తాళం తీసేసింది. గొట్టం తిరిగింది.

భయం అంటే ఏమిటో నాకు అంతకుముందు తెలియదు, ఆ నిమిషం తెలిసింది. ఎందుకంటే అప్పుడు కూడా నేను అదే కుర్చీలో, అదే పేరుతో కూర్చుని ఉన్నాను. ఆయన లోపల ఉన్నాడు.

గోడ మీద మేనేజరు అంటించిన కాగితం ఉంది. కుర్చీ వదిలేముందు సెలవు తీసుకునే లేవాలి అని. అది చాలనట్టు, ఎవరైనా ఏమీ కొట్టకుండా కాసేపు ఊరుకుంటే యంత్రమే వాళ్లని పంపించేస్తుంది. కిల్న్ దగ్గరి తెరకి ఆ నియమం లేదు, మా గదిలో తెరలకి ఉంది. రెండూ భద్రత కోసం పెట్టినవే. నేను లేస్తే తాళం పడిపోతుంది, లేవకుండా ఊరికే కూర్చున్నా పడిపోతుంది. కరెంటు పోతే ఏమవుతుందో ఆలోచించదల్చుకోలేదు. ఒక చేత్తో స్పేస్ మీట కొడుతూ రెండో చేత్తో కిల్న్‌కి ఫోన్ చేశాను. అక్కడి మోతలో ఎవరికీ వినపడలేదు. చప్రాసీని పిలిచి, సైకిలు మీద వెళ్లి చిన్నాన్నని బయటికి రమ్మను, ఎవరేమన్నా ఆగకు అని చెప్పాను. నా మొహం చూసి అతను అప్పుడే పరుగెత్తాడు.

అతను వెళ్లాక మేనేజరు గదినుంచి పిలుపు వచ్చింది. తేదీల సంగతి చూడ్డానికి పెద్దవాళ్లు వచ్చారు, వెంటనే రమ్మంటున్నారని. రాలేనన్నాను. ఆయనే వచ్చాడు. ఏమిటీ మర్యాద అని హిందీలో కోప్పడ్డాడు. నేను తల తిప్పకుండా మీట కొడుతూ, నేను లేస్తే మా చిన్నాన్న చచ్చిపోతాడు సార్ అన్నాను. పెళ్లి హడావుడిలో పిల్లకి మతి పోయిందనుకున్నాడేమో, కాస్త మెత్తబడి భుజం మీద చెయ్యి వేసి లేపబోయాడు. నేను కుర్చీ చేతుల్ని కరుచుకుని అరిచాను. ఆ గదిలో ఎవరూ అలా అరిచి ఉండరు. అప్పుడే గదిలో దీపం ఒక్కసారి ఆరి వెలిగింది. బ్యాటరీ డబ్బా కూత పెట్టింది. తెర ఆరలేదు. ఆయన చెయ్యి తీసేసి, నా వెనకే నిలబడిపోయాడు.

ఫోన్ మోగింది. "ఏటమ్మా, పిలిపించినావట," అన్నాడు చిన్నాన్న. నేను ఫోన్ పట్టుకుని ఏడ్చాను.

తర్వాత మేనేజరు ఖాళీ గొట్టంతో పరీక్ష పెట్టించాడు. చిన్నాన్న తన పేరుతో తాళం వేశాడు. నేను కంప్యూటరు గదిలో సెలవు తీసుకుని లేచి, అందరూ ఉన్న కిల్న్ దగ్గరికి నడిచి వచ్చాను. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. చిన్న మోటారు మూలిగింది, గొట్టం మెల్లగా పావు చుట్టు తిరిగి ఆగింది. చిన్నాన్న దాన్ని చూస్తూ మోచెయ్యి తడుముకున్నాడు.

మెమో వెనక్కి తీసుకున్నారు, నోటిమాటగా. కంప్యూటరు అమ్మినవాళ్లకి నేను అంతా వివరించాను. కొత్త సంవత్సరం గండం గడిచాక చూస్తామన్నారు, అప్పటిదాకా పేర్లు ఎనిమిది అక్షరాల్లోపే తేడా ఉండేట్టు చూసుకోమన్నారు. మూలం మా దగ్గరుంది గానీ దాన్ని దిద్ది మళ్లీ ఎక్కించే హక్కు మాకు లేదు. పాత తాళాలు తిరిగి పెట్టండి సార్ అని మేనేజరుని అడిగాను. ప్యానెల్‌కి కొక్కెం వెల్డింగు చేస్తే కంపెనీవాళ్లు హామీ రద్దు చేస్తారన్నాడు. ఆ తర్వాత ఆయనకే ఒక ఉపాయం తట్టింది. నీకు వచ్చే నెల పెళ్లి కదా, మీలో పెళ్లయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది కదా అన్నాడు. మారుతుంది అన్నాను. ఇంకేం, కొత్త పేరు రాయిస్తాను, ఇద్దరూ వేరైపోతారు అన్నాడు. సమస్య తీరిపోయిన మనిషిలా టీ తెప్పించాడు. దారి అలాగే ఉంటుంది సార్, నడిచేవాళ్లే మారతారు అని చెప్పి చూశాను. ఇంకెవరున్నారు మీ ఇంటిపేరువాళ్లు అని అడిగాడు.

ఎవరూ లేరు, అప్పటికి. పెళ్లయ్యేదాకా, చిన్నాన్న లోపల ఉన్నప్పుడల్లా నేను అసలు కంప్యూటరు ముట్టుకోలేదు.

పెళ్లిలో చిన్నాన్న మంచి హుషారుగా ఉన్నాడు. అప్పగింతలప్పుడు అమ్మ ఏడుస్తుంటే ఆయన నా చెవిలో, "ఇంటిపేరు మారిపోనాది. ఇంక నువ్వు నన్ను తిప్పలేవే అమ్మా," అన్నాడు. ఏడుపులో నవ్వొచ్చింది. ఆ హడావుడిలోనే ఇంకో సంగతి చెప్పాడు. ఆయన కొడుకు, నా తమ్ముడు, ఐటీఐ పూర్తి చేసి రెండేళ్లుగా తిరుగుతున్నాడు. మెమో ఇచ్చి నొప్పించామనుకున్నారో ఏమో, మేనేజరే పిలిచి స్టోర్సులో ఉద్యోగం ఇస్తామన్నాడట. వాడి పేరు మాత్రం ముందు రాయించు చిన్నాన్నా, ఇంటిపేరు చివర పెట్టించు అని చేతిలో చెయ్యి వేయించుకున్నాను. అలాగే అన్నాడు. చెప్పాడు కూడా. ఆఫీసులో గుమస్తా సరేనని తల ఊపి, సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలాగే ఎక్కించాడు. సర్టిఫికెట్‌తో తేడా వస్తే రేపు మీకే ఇబ్బంది అన్నాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

సెలవు అయిపోయి నేను తిరిగి ఉద్యోగంలో చేరిన రోజు మధ్యాహ్నం మేనేజరు మిఠాయి పంచుతున్నాడు. రెండువేల సంవత్సరం వచ్చింది, యంత్రం తేదీ తప్పలేదు. అందరూ నన్ను కొత్త పేరుతో పిలిచి ఏడిపిస్తున్నారు. నా కుర్చీలో కూర్చుని కొత్త ఇంటిపేరు కొట్టాను. పొట్టి పేరు, వెనక నా పేరు కూడా పట్టింది. అలవాటు కొద్దీ, ఎవరెవరు కూర్చుని ఉన్నారో చూపించమని అడిగాను.

తెర మీద మా ఇంటిపేరు ఎనిమిది అక్షరాల దగ్గర తెగి, రెండుసార్లు కనిపించింది. పుట్టింటి పేరు కదా, చూడగానే ఒక క్షణం సంతోషమే వేసింది. ఒకటి కిల్న్ దగ్గరి తెర. రెండోది స్టోర్సు.

ఇవాళ కిల్న్ ఆపి ఉంది. బయట షిఫ్టు సైరన్ అప్పుడే మొదలైంది. స్టోర్సులో వాళ్లు సైరన్ వినగానే సెలవు తీసుకుని లేచిపోతారు. స్టోర్సు నంబరు తిప్పాను. అవతల ఎత్తిన చప్పుడైంది.

"ఎవరు?" అన్నాను.

"నేనేనక్కా," అన్నాడు తమ్ముడు. "డ్యూటీ అయిపోయినాది, ఇప్పుడే లేస్తన్నాను."

"లేవకు. సెలవు తీసుకోకు. ఏదో ఒక మీట కొడుతూనే ఉండు."

"ఎంతసేపక్కా?"

"మీ నాన్న బయటికి వచ్చేదాకా."

సైరన్ ఆగిపోయాక ఫోన్‌లో మీట చప్పుడు వినిపించింది, ఆగి ఇంకోసారి, ఆగి ఇంకోసారి. నేను ఫోన్ పెట్టకుండా వింటూ, రెండో చేత్తో చప్రాసీకి సైకిలు వైపు చూపించాను.